తెర తుడిచిన శుక్రవారం

పక్క విల్లాలో కప్పుకి జిప్సం పని చేస్తున్నారు. పొద్దున వంటింటి కిటికీ తీశానో లేదో, తడిసిన సుద్ద వాసన గుప్పుమంది. చేతిలో సగం తరిగిన ఉల్లిపాయతో అలాగే నిలబడిపోయాను. ఇంకెవరికైనా అది మేస్త్రీల వాసన. నాకు మాత్రం వసుంధర అక్కగారి వాసన. విరిగిన రెండు చేతులకీ మోచేతుల దాకా సుద్ద కట్లు, ఆ కట్లను ఒళ్ళో రెండు చిన్న దిండ్లలా పెట్టుకుని, కంప్యూటర్ ముందున్న కుర్చీ వైపు గడ్డంతో చూపిస్తూ, "కూసో సుగుణా. ఇయ్యాల్టి సంది నీ చేతులే నా చేతులు" అన్నారావిడ. ఆ కుర్చీని రోజూ తుడిచేదాన్ని గానీ అందులో అంతకుముందు ఎప్పుడూ కూర్చోలేదు.

మాది పాలకొల్లు దగ్గర ఊరు. చదువు ఐదో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు విడివిడిగా గుర్తుపడతాను, కలిపి చదవలేను. సౌదీ వచ్చిన కొత్తలో తబూక్‌లో ఒక పెద్ద కుటుంబంలో చేశాను. ఆ ఇంటి పెద్దామె రోజూ వంటింటి గుమ్మంలో నిలబడి "కుల్లు తమాం?" అని అడిగేది. అన్నీ బాగున్నాయా అని. బాగాలేదంటే ఎందుకు, ఎలా, ఎవరివల్ల అంటూ మూడు రోజులు నడిచేది. అందుకని ముందు తమాం అనేసి, తర్వాత చాటుగా సరిచేసుకోవడం అలవాటైంది. ఆ అలవాటుతోనే ధహ్రాన్‌లో అక్కగారి ఇంటికి మారాను.

అక్కగారిది హనుమకొండ. భర్త చమురు కంపెనీలో ఇంజినీరు. ఈవిడకీ ఆయనంత చదువుంది, కానీ ఈ దేశం వచ్చాక పదకొండేళ్ళు ఆయన ఇఖామా, అంటే ఇక్కడ ఉండడానికిచ్చే అనుమతి కార్డు, దాని కింద ఇంట్లోనే ఉండిపోయారు. చివరికి ఖోబర్‌లో డయాలసిస్ చేసే చిన్న సెంటరు వాళ్ళ కంప్యూటర్లు చూసే పని దొరికింది. ఇంట్లో కూర్చునే చేసేవారు. ఆ గదిలోకి వెళ్ళేముందు జడ గట్టిగా అల్లుకుని, ఉతికిన చీర కట్టుకునేవారు. మొదటి రోజే నన్ను మేడమ్ అనొద్దని, అక్క అనమని చెప్పారు. ఒట్టి అక్క అనడానికి నాకు నోరు రాలేదు. గారు తగిలించాను. అక్కకు గారేందని నవ్వి వదిలేశారు.

ఆవిడ జారిపడింది నేను తుడిచిన నేల మీదే. ఇంకా ఆరలేదని చెప్పడం మరిచిపోయాను. ముందుకు పడి రెండు అరచేతులూ ఆన్చారు, రెండు మణికట్లూ విరిగాయి. ఆసుపత్రి నుంచి వచ్చాక నా మొహం చూసి, చూసుకోక నడిచింది తానేనని, నా తప్పు కాదని అన్నారు. ఆ మాటతో నా బరువు తగ్గలేదు సరికదా ఇంకా పెరిగింది. ఆఫీసుకి మాత్రం ఆవిడ ఈ సంగతి చెప్పలేదు. చెప్తే పని ఇంకొకరికి ఇచ్చేస్తారని భయం. "పదకొండేండ్లకు దొరికింది. చేతులిరిగినయని పోగొట్టుకోవాల్నా?" అన్నారు. అలా నేను ఆ కుర్చీ ఎక్కాను. మనుషుల పేర్లు గాని, వాళ్ళ జబ్బులు గాని నా కంట పడవని, పెట్టెలు మోయడమే తప్ప తెరవడం ఉండదని ముందే చెప్పారు.

ఆ కంప్యూటర్‌లో బొమ్మలుండవు. నల్ల తెర, దాని మీద మిణుకుమనే చిన్న గీత. ఒక మాట కొట్టి ఎంటర్ నొక్కితే ఒక పని జరుగుతుంది. దాన్ని షెల్ అంటారట. అక్కగారు ఒక్కొక్క అక్షరం చెప్పడం, నేను వెతికి నొక్కడం. మొదటి రోజు ఒక్క వరుస పూర్తయ్యేసరికి పొయ్యి మీద పప్పు మాడిపోయింది. వారం తిరిగేసరికి వేళ్ళు దారి పట్టాయి. అన్నిటికంటే నాకు నచ్చినవి డాలర్ గుర్తుతో మొదలయ్యే చిన్న చిన్న జంటలు. డాలర్ నాలుగు అంకె నెత్తిన ఉంటుంది. దాని పక్కన ఇంకో గుర్తు పెట్టి అడిగితే షెల్ తన లోపలి సంగతి ఒకటి చెప్తుంది. రెండు డాలర్లు పక్కపక్కన పెడితే తన నంబరు చెప్తుంది, నాకు ఇఖామా నంబరు ఉన్నట్టు. డాలర్ పక్కన ఆశ్చర్యార్థకం పెడితే, వెనక పొయ్యి మీద పెట్టి వదిలేసిన పనుల్లో ఆఖరిదాని నంబరు చెప్తుంది. ప్రశ్నార్థకం పెడితే, ఇప్పుడే చేసిన పని కుదిరిందో లేదో చెప్తుంది. కుదిరితే సున్నా. కుదరకపోతే ఒకటో, మరో అంకో.

"బాగుంటే సున్నా ఏంటండీ? మా బళ్ళో సున్నా వస్తే ఇంటికెళ్ళడానికి భయపడేవాళ్ళం" అన్నాను.

"కుదిరినంక చెప్పేదేముంటది సుగుణా? కుదరకపోతేనే ఎందుకో చెప్పాలె. అందుకే అంకెలన్నీ దానికే ఉంచిన్రు."

ఈ జంటల్లో మనం ఏమీ రాయలేమని, షెల్ రాసుకున్నది చదవడమే మన వంతని చెప్పారు. ప్రశ్నార్థకం ఉన్నదాని సంగతి మాత్రం రెండుసార్లు చెప్పారు. దానికి ఇప్పుడే అయిన పని ఒక్కటే గుర్తుంటుందట. ఆ వెంటనే ఇంకోటి చేశామంటే, ఎంత చిన్న పనైనా సరే, ముందుదాని కబురు పోయి దీని కబురు వచ్చి కూర్చుంటుందట. అయితే ఇది మా అత్తకి పూర్తిగా ఎదురన్నమాట, ఆవిడకి నేను కాపరానికి వచ్చిన ఏడాది మాడ్చిన చేపల పులుసు ఇప్పటికీ గుర్తే అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వులో అసలు మాట నా చెవిలోంచి జారిపోయింది.

అప్పటికి మూడు వారాలుగా ఆవిడ ఒక శుక్రవారం కోసం చూస్తున్నారు. సెంటరు మూసి ఉండే రోజు. పాత మెషీన్ మీదున్న పట్టికలన్నీ, అంటే ఎవరు ఏ రోజు రావాలి, ఎన్ని గంటలు పడుకోవాలి అన్నవన్నీ, కొత్త మెషీన్ మీదికి మార్చాలి. తర్వాత పాతదాన్ని ఖాళీ చేసి మర్నాడు తిరిగి ఇచ్చెయ్యాలి. ఈ పని సవ్యంగా చేస్తేనే ఆవిడని ఉంచుకుంటారు. మధ్యాహ్నం మసీదుల నుంచి ప్రసంగం వినిపిస్తుండగా కాపీ వరుస కొట్టాను. తెర మీద ఫైళ్ళ పేర్లు వాన పడ్డట్టు పరుగెత్తాయి. అంతలో ఆఫీసు నుంచి ఫోన్. నా సంగతి వాళ్ళకి తెలియకూడదని, నేను చెవి దగ్గర ఇరికించిన ఫోన్‌తో అక్కగారు హాల్లోకి వెళ్ళారు. కాపీ అయ్యాక ఆ ప్రశ్నార్థకం జంటతో అడిగి ఉంచమని నాకు సైగ చేశారు.

పరుగు ఆగింది. అడిగాను. ఒకటి వచ్చింది.

నేనే ఏదో తప్పు నొక్కి ఉంటాననుకున్నాను. తెర నిండా పిచ్చి రాతలు. ఏదైనా మళ్ళీ మొదలుపెట్టాలంటే ముందు వంటగట్టు తుడుచుకోవడం నా చేతికి అలవాటు. తెర తుడిచే మాట కూడా ఆవిడ నేర్పిందే. తుడిచాను. శుభ్రమైన తెర మీద మళ్ళీ అడిగాను. సున్నా వచ్చింది.

అక్కగారు వచ్చి తెర చూశారు. సున్నానా అని అడిగితే, సున్నా అండి అన్నాను. ఆవిడ మొహం మూడు వారాల తర్వాత మొదటిసారి తేటపడింది. ఇక పాతది తుడిచేసే వరుస చెప్పారు. ఒక్కొక్క అక్షరం కొట్టాను. ఆ నల్ల తెరలో చెత్తబుట్ట ఉండదని, పారేసింది వెతుక్కోవడానికి ఉండదని ముందోసారి చెప్పి ఉన్నారు. "ఎంటర్ కొట్టు" అన్నారు.

వేలు ఎంటర్ మీద పెట్టాను. కళ్ళ ముందు ఆరని నేల కనబడింది. చెప్పకుండా ఊరుకున్న తడి. కుల్లు తమాం అన్న నా గొంతు నాకే వినబడింది.

"అక్కగారూ, ముందు ఒకటి వచ్చిందండి."

"ముందంటే ఎప్పుడు?"

"సున్నాకి ముందండి. నేనే తప్పు కొట్టాననుకుని తెర తుడిచేసి మళ్ళీ అడిగాను. అప్పుడు సున్నా వచ్చింది."

ఆవిడ గొంతు పెంచలేదు. "వేలు తియ్యి" అన్నారు. తీశాను. చాలాసేపు తెర వైపే చూసి, "ఆ సున్నా కాపీది కాదు సుగుణా. నువ్వు తెర తుడిచినవు గదా, ఆ తుడుసుడు మంచిగైందని చెప్పిందది" అన్నారు.

"తుడవడం మాత్రం బాగానే వచ్చండి నాకు" అన్నాను ఏడుపు గొంతుతో. ఆవిడకి నవ్వు ఆగలేదు. ఒళ్ళో కట్లు ఎగిరెగిరి పడ్డాయి.

తర్వాత రెండు మెషీన్లనూ పక్కపక్కన పెట్టి పోల్చే వరుస చెప్పారు. ఒక్క ఫోల్డరు వెళ్ళలేదు. ఆదివారం, మంగళవారం, గురువారం వచ్చేవాళ్ళ పట్టికలు. చదవడానికి అనుమతి లేక ఆగిపోయింది. నేను వేలు నొక్కి ఉంటే ఆదివారం పొద్దున ఆ మనుషులు వచ్చి కూర్చునేవాళ్ళు, ఎవరి వంతు ఏమిటో అక్కడ ఎవరికీ తెలిసేది కాదు. అనుమతి సరిచేసి మళ్ళీ కాపీ చేశాం. ఈసారి కాపీ వరుస చివరనే ఇంకో చిన్న మాట కొట్టించారు. వచ్చిన అంకెని వెంటనే మనం పెట్టుకున్న పేరులో దాచే మాట. "ముందుగాల నీ గిన్నెల పోసుకో. తర్వాత ఎన్నిసార్లన్న చూసుకో, మారది" అన్నారు.

అంతా అయ్యాక ఆవిడ చేసిన పని నేను ఎదురుచూడనిది. ఆఫీసుకి ఫోన్ చేయమన్నారు. ఎందుకండీ, పని అయిపోయింది కదా అన్నాను.

"నువ్వు ఒకటి వచ్చిందని చెప్పినవు. నేను మూడు వారాల సంది వాళ్ళకు సున్నా అనే చెప్తున్న."

చేతుల సంగతి చెప్పేశారు. మెషీన్ ముందు ఇంకో మనిషి కూర్చుందని కూడా చెప్పారు. అవతలి మేనేజరు అరిచిన అరుపులు నేను వంటింట్లోంచి విన్నాను. పని మాత్రం తియ్యలేదు. కట్లు విప్పేదాకా ఒక మలయాళీ ఆయన్ని రోజూ పంపించారు. నా కుర్చీ పోయింది. ఆయనకి టీ ఇచ్చేటప్పుడు తెర వైపు ఒక చూపు వేసేదాన్ని. ఆయన ప్రశ్న అడగకుండా ముందుకి పోతుంటే అక్కగారు నా వైపు చూసి కనుబొమ్మ ఎగరేసేవారు.

భర్త ఉద్యోగం ముగిశాక వాళ్ళు ఎగ్జిట్ వీసా మీద తిరిగి హనుమకొండ వెళ్ళిపోయారు. నేను ఇదే ఊళ్ళో ఇంకో ఇంటికి మారాను. కంప్యూటర్ మళ్ళీ ముట్టుకోలేదు. కానీ ఈ ఇంట్లో ఏదైనా చెడితే, చెడిందనే ముందు చెప్తాను. ఊరి నుంచి మా అమ్మాయి ఫోన్ చేసినప్పుడు "ఏముందమ్మా..." అని ఆగి, ఆ తర్వాత "బాగానే ఉన్నా" అంటే, ఆ ఆగిన చోటునే దాచుకుంటాను. రెండోసారి అడిగితే వచ్చేది అసలు సంగతి కాదు, నేను అడిగినందుకు ఇచ్చే మర్యాద.

ఈ పొద్దున జిప్సం వాసనకి ఉండబట్టలేక హనుమకొండకి ఫోన్ చేశాను. చేతులెలా ఉన్నాయని అడిగాను.

"చలికి జర గుంజుతున్నయ్" అన్నారు. అంతలోనే, "ఏం లేదు, మంచిగనే ఉన్న" అన్నారు.

"మొదటిది గిన్నెలో పోసేసుకున్నానండి" అన్నాను.

అటు కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడు వినబడింది.

"అయితే చెప్త, విను" అన్నారు. ఉల్లిపాయ పక్కన పెట్టి కిటికీ మూశాను.