వాక్యూమ్ క్లీనర్‌కు అడ్డుపడ్డ పెద్దరికం

మణికొండలో మా ఫ్లాటు అమ్మినవాళ్లు గాలీ వెలుతురూ ధారాళంగా వస్తాయని చెప్పారు. గాలి వస్తుంది, అబద్ధం కాదు. దాంతోపాటు ఎదురుగా లేస్తున్న టవర్ల సిమెంటూ, పగలగొట్టిన బండల పొడీ కూడా వస్తాయి. ఉదయం తుడిచిన బల్ల మీద సాయంత్రం వేలితో పేరు రాసుకోవచ్చు. అందుకే మా ఇంట్లో ఫ్రిజ్ తర్వాతి హోదా వాక్యూమ్ క్లీనర్‌ది. గుండ్రటి పొట్టా, పొడవాటి గొట్టమూ ఉన్న పాత రకం మిషను. నా పెళ్లికి స్నేహితురాళ్లు కానుకగా ఇచ్చారు. అప్పుడు దాన్ని చూసిన మా అమ్మ, "ఏందే, పెండ్లికి చీపురు ఇచ్చిన్రా?" అని చాలాసేపు కోలుకోలేదు.

ఆ మిషను పాడైన కథలో ముఖ్యపాత్ర మా పెద్దమావయ్యగారు. మా మావగారికి అన్నగారు. కాకినాడ వైపు బడిలో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ప్రగతి నగర్‌లో చుట్టాలమ్మాయి పెళ్లికి తానే పద్యాలు రాసుకుని, వాటిని వేదిక మీద చదవడానికి ముందుగానే దిగారు. పెళ్లివారింట్లో అడుగు పెట్టడానికి చోటు లేదని వాళ్లు ఆయన్ని మా ఇంటికి పంపించారు. అక్కడ ఒక గది ఖాళీగానే ఉందని తర్వాత తెలిసింది.

ఆయన మంచివారే. కాకపోతే మాట్లాడతారు. కాఫీలో చక్కెర ఎప్పుడు వెయ్యాలో, తలుపు ఏ చేత్తో తియ్యాలో, మా తరానికి సున్న ఎందుకు పలకడం రాదో అన్నీ చెప్తారు. మా ఆయన ఇంటి నుంచే పని చేసుకోవచ్చు. అయినా పెదనాన్న దిగిన మర్నాటి నుంచి గచ్చిబౌలి ట్రాఫిక్‌లో పడి రోజూ ఆఫీసుకు పోవడం మొదలుపెట్టాడు. నేను ఇంటి దగ్గరే ఉండి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. అంటే రోజంతా ఇతరుల తప్పులు వెతుకుతాను. ఆ వారం నా తప్పులు వెతకడానికి ఇంట్లోనే మనిషి దొరికాడు.

ఒక పొద్దున నేను సోఫా కింద వాక్యూమ్ పెడుతుంటే ఆయన లేచి వచ్చారు.

"అలా కాదమ్మాయ్. నువ్వు దుమ్ముకి జోల పాడుతున్నావు. ఇలా ఇవ్వు."

ఇచ్చాను. గొట్టం చివరి బ్రష్‌ను చూసి, "ఇదొకటి అడ్డం" అని ఊడబీకి పక్కన పడేశారు. వట్టి గొట్టంతో సోఫా కిందికి వంగారు. లోపల ఏదో టకటకా కొట్టుకుంటూ పోయింది.

"ఏంటండీ ఆ చప్పుడు?"

"పల్లీ గింజ అయ్యుంటుందిలే."

ఆ తర్వాత మిషను గొంతు మారింది. సన్నగా, పైకి, కూత పెట్టడం మొదలైంది. కాసేపటికి పొట్ట కాలిపోయేంత వేడెక్కి, దానంతటదే ఆగిపోయింది. "దీన్లో దమ్ము లేదమ్మా" అని తేల్చేసి పెద్దమావయ్యగారు స్నానానికి వెళ్లిపోయారు.

టిఫిన్ దగ్గర అసలు గొడవ మొదలైంది. ఆయనకు పైవరసలో ముందు నాలుగూ కట్టుడు పళ్లు. తీసి పెట్టుకునే ప్లేటు. రాత్రి పడుకునే ముందు దాన్ని పేపర్ నాప్‌కిన్‌లో చుట్టి చొక్కా జేబులో వేసుకుని, పొద్దున టిఫిన్ దగ్గర మళ్లీ పెట్టుకోవడం అలవాటు. ఇప్పుడు జేబు ఖాళీ. మంచం దులిపాము, వాషింగ్ మెషీన్‌లో చూశాము. బాల్కనీలో వాలే పావురం ఎత్తుకుపోయి ఉంటుందని ఆయన గట్టిగా అనుమానించారు. నేను కూడా పావురం కేసి కాస్త అనుమానంగానే చూశాను.

పళ్లు లేకపోయేసరికి ఆయనకు మాట సాగలేదు. స అంటే ఫ, శ అంటే ఫ. రెండుసార్లు ప్రయత్నించి, నేను పెదవి కొరుక్కోవడం చూసి, నోరు మూసుకున్నారు. ఇల్లు ఒక్కసారిగా ప్రశాంతమైపోయింది. ఆ సాయంత్రమే మా ఆయన, మర్నాడు ఇంటి నుంచే పని చేస్తానని ఆఫీసుకు చెప్పేశాడు.

మిషను మాత్రం నాకు కావాలి. కంపెనీకి ఫోన్ చేస్తే ఒకతను వచ్చాడు. స్విచ్ వేసి, చెవి దగ్గర పెట్టి, డాక్టరులా తల ఊపాడు.

"మోటర్ పోయింది మేడమ్. గిట్ల సౌండ్ వచ్చిందంటే ఇగ పోయినట్టే. పరేషాన్ ఎందుకు, కొత్త మోడల్ తీస్కోండి."

"జర విప్పి చూడన్నా."

"విప్పనీకి ఏముంది మేడమ్, వినవడ్తలేదా?"

అతను వెళ్లాక నాకు రోషం వచ్చింది. నా ఉద్యోగంలో అయితే చెవి పెట్టి విని ప్రోగ్రామ్ చచ్చిపోయిందని రాయలేను. ప్లగ్ పీకి, పొట్ట తెరిచాను. సంచి నిండా మణికొండ. దులిపాను. వెనక స్పాంజ్ ఫిల్టర్ మట్టి అట్టలా గట్టిపడి ఉంది. నీళ్లలో పిండితే సిమెంటు పాలు కారాయి. దాన్ని పూర్తిగా ఆరనిచ్చి, మర్నాడు మళ్లీ బిగించి స్విచ్ వేశాను. అదే కూత. గొట్టం చివర కాగితం ముక్క పెడితే కదలనైనా కదల్లేదు.

అప్పుడు గొట్టం మొత్తం ఊడదీసి, గొట్టం బిగించే బొక్క దగ్గర అరచెయ్యి పెట్టాను. చెయ్యి పట్టేసుకుంది! మోటరు పోలేదు, దున్నపోతులా ఉంది. అడ్డమంతా గొట్టంలోనే. ఇనప తీగతో పొడుద్దామనుకున్నాను గానీ, గొట్టం చిరిగితే మొదటికే మోసం. ఈ పాత రకం మిషన్లకు వెనక గాలి వదిలే రంధ్రం ఉంటుంది. గొట్టాన్ని తీసుకొచ్చి దానికి తగిలిస్తే, ఇరుక్కున్నది వచ్చిన దారినే వెనక్కి పోతుంది. దుమ్ము చిమ్మకుండా రెండో చివరకు పాత దిండు గలీబు కట్టి స్విచ్ వేశాను.

గలీబు ఉబ్బింది. ఊగింది. నా ముడి మీద నాకున్న నమ్మకం గలీబుకు లేదు. అది ఎగిరిపోయిన మరుక్షణం గొట్టంలోంచి జుట్టూ దూదీ కలిసిన బూడిదరంగు ఉండ ఒకటి హాలు దాటి దూసుకుపోయి, మీటింగ్‌లో ఉన్న మా ఆయన లాప్‌టాప్ మీద పడింది. కెమెరా ఆన్‌లో ఉంది. ఉండ విచ్చుకుంది. కీబోర్డు మీద నాలుగు పళ్లు నవ్వాయి.

లాప్‌టాప్‌లోంచి ఎవరో, "ఆర్ యూ ఓకే?" అన్నారు. మా ఆయన కెమెరా కట్టేసి, పళ్లనూ నన్నూ మార్చి మార్చి చూశాడు. పెద్దమావయ్యగారు లోపలి గదిలో ఉన్నారు.

"ఇప్పుడే ఇవ్వాలంటావా?" అన్నాడు మెల్లగా.

"ఛీ, పెద్దాయన!"

"రెండ్రోజులాగి, పెళ్లయ్యాక ఇద్దాం. పాపం, ఆ పెళ్లికొచ్చే వాళ్ల గురించి కూడా ఆలోచించు. మొత్తం ఇరవై పద్యాలు."

నాకు నవ్వొచ్చింది. అంతకన్నా సిగ్గులేని సంగతేమిటంటే, నేను నిజంగానే ఆలోచించాను. ఆ ప్రశాంతత అంత రుచిగా ఉంది. ఇంతలో లోపలి గదిలోంచి గొంతు వినిపించింది. తలుపు సందులోంచి చూశాను. ఆయన అద్దం ముందు నిలబడి, ఒక చేత్తో పై పెదవిని పట్టుకుని, మొదటి పద్యం మొదటి అక్షరం పలకాలని చూస్తున్నారు. "ఫ్రీ... ఫ్రీ..." శ్రీ రావడం లేదు. పెదవిని ఇంకోలా పట్టుకుని మళ్లీ అన్నారు. ఎవరో డిస్కౌంటు సేలు పెట్టినట్టుంది. నవ్వాలని నోరు తెరిచాను గానీ నవ్వు రాలేదు. ఆయన కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని మూడోసారి మొదలుపెట్టారు. పెళ్లిలో అవమానమైపోతానని ఆ మనిషి భయపడుతున్నాడని అప్పటిదాకా నాకు తట్టనేలేదు.

పళ్లను సబ్బుతో తోమి, వేడినీళ్లలో ముంచి, గిన్నెలో పెట్టి తీసుకెళ్లాను. "మిషన్‌లో దొరికాయండీ" అన్నాను. పల్లీ గింజ మాట ఎత్తలేదు. ఆయన వెనక్కి తిరిగి పెట్టుకుని, మళ్లీ ఇటు తిరిగి, "శ్రీ" అన్నారు. ఎంత శుభ్రమైన శ్రీ అది! కళ్లు తుడుచుకుని వెంటనే, "గిన్నె ఎడమచేత్తో ఇవ్వకూడదమ్మాయ్" అన్నారు.

పెళ్లిలో పద్యాలు చదివారు. మొదటి నాలుగు వినిపించాయి. మిగతావాటిని బాజాలు మింగేశాయి. ఆయన అదేమీ పట్టించుకోకుండా చివరిదాకా చదివి, చెమట తుడుచుకుంటూ దిగి, భోజనాల బంతిలో మా వాక్యూమ్ క్లీనర్ గురించి ఉపన్యాసం ఎత్తుకున్నారు. కంపెనీవాడు చేతులెత్తేసిన మిషన్ని మా కోడలు బాగు చేసిందని, "నేను దగ్గరుండి చెప్పాననుకోండి" అని. నేను ఎదుటి వరసలోనే పప్పు కలుపుకుంటున్నాను. మా ఆయన నా విస్తట్లో ఇంకో బూరె వేయించాడు.

అప్పటి నుంచి నాకు తెలియని చుట్టాలు ఫోన్లు చేస్తున్నారు. మొన్న నిజాంపేట నుంచి ఒకావిడ చేసింది. "అమ్మా, మా మిషను ముందు నుంచి దుమ్ము లాగి వెనక నుంచి వదుల్తోందండీ. ఇల్లంతా పొగ పట్టినట్టుంది."

"లోపల సంచి చిరిగిందేమో చూడండి ఆంటీ."

అటు నుంచి మూత తెరిచిన చప్పుడు వినిపించింది.

"లోపల సంచి కూడా ఉంటుందా?"