నాన్నకు పెట్టిన పరీక్ష

ఇరవై ఆరేళ్లుగా ఐదో తరగతికి పాఠాలు చెబుతున్న టీచరమ్మకు ప్రశ్నలడగడం ఒంట్లో పాకిపోయిన అలవాటు. ఇంట్లో మొగుడు కూడా చెయ్యెత్తి మాట్లాడాల్సిందేనని తోటి టీచర్లు వేళాకోళం చేసేవారు. వాళ్ల నాన్నకు మతిమరుపు జబ్బు ముదిరినప్పుడు ఆవిడ తనకు తెలిసిన వైద్యమే మొదలుపెట్టింది. రోజూ బడికి వెళ్లేముందు ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చునేది.

"నాన్నా, నేనెవర్ని?"

ఆయన బైండింగు మేస్త్రి. నలభై ఏళ్లు ప్రెస్సు వెనక గదిలో డిక్షనరీలూ, ఆఫీసు రిజిస్టర్లూ కుట్టినవాడు. తను కుట్టిన పుస్తకం ఊడిందని ఒక్కడూ వెనక్కి తేలేదని గొప్పగా చెప్పుకునేవాడు. అంతటి మనిషి ఆ ప్రశ్నకు నీళ్లు నమిలేవాడు. ఒకరోజు బెదురుగా ఆవిడ మొహంలోకి చూసి, "చెల్లివి కదూ?" అన్నాడు. ఆ చెల్లెలు పోయి పాతికేళ్లయింది.

"తప్పు. బాగా ఆలోచించి చెప్పు."

మర్నాడూ చెల్లే. ఆ నెలంతా చెల్లే. పిల్లలైతే పదిసార్లు దిద్దితే దారికొస్తారు. నాన్న దారికి రాలేదు సరికదా, కుర్చీ చప్పుడు వినబడితే చాలు, గోడవైపు తిరిగిపోయేవాడు.

చివరికి ఆవిడ ఆయన్ని ఆసుపత్రిలో సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లింది. సైకాలజిస్టు ఓపిగ్గా అంతా విన్నది.

"మీరు తప్పని చెప్పిన సంగతి ఆయనకి గుర్తుండదమ్మా. ఆయన నోటివెంట వచ్చిన జవాబు మాత్రం లోపల పడిపోతుంది. మీరు అడిగినకొద్దీ అదే గట్టిపడుతుంది. అడక్కండి, మీరే చెప్పండి. ఇంకోటి, జరిగింది మర్చిపోయినా దానివల్ల కలిగిన బాధ మిగిలిపోతుంది. చేతికొచ్చిన పని కూడా అంత తొందరగా పోదు. అది చేయించి చూడండి."

టీచరమ్మకు తల కొట్టేసినట్టయింది. తను చెల్లెలినని నాన్నకు పాఠం చెప్పింది ఎవరో కాదు, తనే. బడిలో మంచి టీచరని పేరు తెచ్చిపెట్టిన పద్ధతితోనే చెప్పింది.

ఆ రోజుతో ప్రశ్నలు మానేసింది. గదిలో అడుగుపెడుతూనే, "నాన్నా, నీ కూతుర్ని వచ్చాను" అనేది. బడిలో చిరిగిన లెక్కల పుస్తకాలూ, సూదీ, మైనం రాసిన దారమూ ముందు పెట్టేది. ఆయన మడతలు బొటనవేలితో నొక్కి, చిల్లులు పొడిచి, ఎవరూ చెప్పకుండానే కుట్టుకుంటూ పోయేవాడు. కుట్టు వంకరపోతే విసుక్కుని, విప్పి మళ్లీ కుట్టేవాడు. మొహంలో బెదురు తగ్గింది. అన్నం సయించింది. పిలుపు మాత్రం మారలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి "అమ్మాయీ" అంటే చాలని ఆవిడ ప్రాణం కొట్టుకునేది.

ఒక సాయంత్రం ఆయన దారం పంటితో తెంపి, దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"చెల్లీ, మా అమ్మాయి ఈమధ్య రావట్లేదే. రోజూ వచ్చి ఏదో అడిగేది. నాకు జవాబు వచ్చేది కాదు. కోపమొచ్చి మానేసిందంటావా?"

"నేనే నాన్నా" అన్న మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. అంటే, ఆ ప్రశ్నలడిగే మనిషే ఎదురుగా ఉందని ఆ కళ్లలోకి మళ్లీ బెదురొస్తుంది. ఆ మాటను మింగేసింది.

"కోపం కాదన్నయ్యా. నీకు రాని ప్రశ్న అడిగానని దానికి సిగ్గుగా ఉంది."

"పిచ్చిపిల్ల," అన్నాడాయన. "రమ్మను. ఈసారి బాగా చదువుకుంటానని చెప్పు."