బేగంపేట నుంచి శంషాబాద్‌కు

మేము శంషాబాద్ వైపు ఇల్లు మారకపోవడానికి కారణం నేనేనని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు. మొన్న ఆఫీసు పని మీద విమానం ఎక్కాల్సి వచ్చి, ఫోన్‌లో దారి చూస్తూ, ఎందుకో పాత విమానాశ్రయం నుంచి కొత్తదానికి ఎంత దూరమో కొట్టాను. ముప్పై కిలోమీటర్లకు పైనే, కారులో గంటకు కాస్త అటూ ఇటూ అంది. బస్సులు మారుతూ వెళ్లే మనిషి లెక్క వేరు.

నాన్న బేగంపేట విమానాశ్రయంలో ప్రయాణికులు వదిలేసిన ట్రాలీలను ఒకదానిలో ఒకటి దూర్చి, పొడవాటి రైలులా తోసుకెళ్లేవాడు. రాంగోపాల్‌పేట్‌లోని మా ఇంటి నుంచి సైకిల్ మీద ఇరవై నిమిషాలు. వానాకాలం సాయంత్రాలు మబ్బుల కింద విమానం దిగుతుంటే గూట్లో స్టీలు పళ్లాలు సన్నగా మోగేవి. ఆ మోత వినే అమ్మ సర్వపిండి గిన్నెకు అద్ది పొయ్యి మీద పెట్టేది, అది అడుగున ఎర్రగా కాలి ఇల్లంతా నువ్వుల వాసన, పల్లీల వాసన నిండేసరికి వీధి మలుపులో నాన్న సైకిల్ గంట వినిపించేది. బోనాలనాడు నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని, వేపాకు, పసుపు, గుగ్గిలం పొగ మధ్య నుంచి తీసుకెళ్తుంటే, డప్పులకు బెదిరి ఆయన చొక్కాలో ముఖం దాచుకునేదాన్ని.

నాకు తొమ్మిదేళ్లప్పుడు విమానాశ్రయం శంషాబాద్‌కు తరలిపోయింది, నాన్న పనీ దానితోపాటే అక్కడికి మారింది. నేను లేచేసరికి ఆయన ఉండేవాడు కాదు. వచ్చేసరికి నేను నిద్రపోయేదాన్ని. ఒక సెలవురోజు, అమ్మ నీళ్లకు వెళ్లినప్పుడు, సైకిల్ గొలుసుకు నూనె వేస్తూ అడిగాడు.

“ఆడ రెండర్రల ఇల్లు దొరికింది బిడ్డా. పోదామా? నువ్వెట్లంటే గట్లనే.”

ఆ వారమే బళ్లో టీచర్ పుస్తకాల అల్మారా తాళంచెవి నాకు అప్పగించింది. హాజరు పిలిస్తే గొంతు పెగలని పిల్లను, ఆ తాళంచెవిని నల్లదారానికి కట్టి మెళ్లో వేసుకు తిరిగేదాన్ని. కొత్త బళ్లో నాకెవరిస్తారు? “వద్దు నాన్నా” అన్నాను. అంతే.

అమ్మ రాగానే ఆయన చేతులు తుడుచుకుంటూ, “ఆడ నీళ్లకు తక్లీఫంట, పోవద్దు” అన్నాడు.

“నీళ్లకు భయపడి రోజంతా బస్సులల్ల తిరుగుతుండు. మీ నాయినంత తెలివిగల్లోడు ఉంటడా?” అని అమ్మ ఏళ్ల తరబడి దెప్పింది. ఆయన నవ్వేవాడు. నేను పుస్తకంలో తల దాచుకునేదాన్ని.

ఇప్పుడు మా వీధి మీదుగా విమానాలు దిగవు. పెంకుటిళ్లు పోయి అపార్ట్‌మెంట్లు లేచాయి. ఆ బడి కూడా లేదు. నాన్న పోయి ఏడాది దాటింది. ఆస్పత్రిలో, అమ్మ చాయ్‌కని కిందికి దిగినప్పుడు, ఆయన పాదాలు ఒత్తుతూ ఎలాగో నోరు తెరిచాను: “నాన్నా, ఆ రోజు నేను వద్దన్నందుకే కదా, ఇన్నేళ్లు అంత దూరం...” ఆయన కళ్లు సగం తెరిచి నావైపు చూశాడు. తర్వాత నాతో ఇంకేమీ మాట్లాడలేదు గనుక, చివరి మాటలు ఇవే:

“ఏం దూరం బిడ్డా! కిటికీ పక్క సీటు దొరికితే సాలు, మస్తు నిద్రవట్టేది. ఇంట్ల మీ అమ్మ పండనిస్తదా?”