అక్క ఇంటికి పోయిన యాభై కుర్చీలు

పోయిన సోమవారం పొద్దున మా పక్కింటి అక్క చనిపోయింది. నేను దుకాణం షట్టర్ ఎత్తుతుంటే ఆమె కొడుకు వచ్చి, "మామా, అమ్మ లేస్తలేదు" అన్నాడు. గంట తర్వాత వాళ్ళ వాకిట్లో షామియానా కట్టింది నేనే. ఆత్మకూరులో నాది టెంట్ హౌస్. పెండ్లికైనా చావుకైనా అవే కుర్చీలు.

ఆమె నాకు తోడబుట్టింది కాదు. పాలమూరులో పన్నుల ఆఫీసులో గుమస్తాగా చేసి, రిటైరయ్యాక మా పక్కింట్లో దిగింది. నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. లెక్క రాయడం సొంతంగా నేర్చుకున్నాను. ఏ సామాను ఎవరింటికి పోయింది, కిరాయి ఎంత వచ్చింది, ఒక్క రోజు కూడా రాయకుండా ఉండలేదు. ఆ ధీమాతోనే మునిగాను.

ఒక సర్కారు మీటింగుకు కుర్చీలు వేయాలంటే జీఎస్టీ నంబరు కావాలన్నారు, తీసుకున్నాను. తర్వాత కరోనా వచ్చి పెండ్లిళ్ళు ఆగిపోయాయి. వ్యాపారమే లేనప్పుడు చెప్పేదేముందని నెలనెలా ఇవ్వాల్సిన లెక్క ఇవ్వలేదు. ఫోనుకు వచ్చిన ఇంగ్లీషు మెసేజులు అర్థం కాక తీసేశాను. చివరికి ఆఫీసువాళ్ళు నా పాత కిరాయిలు చూసి అంచనా కట్టి, మూడు లక్షల పైచిలుకు పన్ను వేశారు. బ్యాంకు ఖాతా ఆపేశారు. ఇంట్లో చెప్పలేకపోయాను. కిరాయికిచ్చే పెద్ద వంట గిన్నెలు, గంజులు అమ్ముదామని ఆటోలో ఎక్కిస్తుంటే అక్క గోడ మీది నుంచి చూసింది.

"ఏంరా తమ్మీ, పెండ్లెక్కడ? గన్ని గంజులు ఎక్కిస్తున్నవ్?"

"పెండ్లి లేదక్కా. పన్ను నోటీసొచ్చింది, అమ్ముతున్న."

"అమ్మి రేపు దేంట్ల వండుతవ్, నా నెత్తి మీదనా? ముందు దించు. కాయిదం తే."

నోటీసు చదివి మెల్లగా తిట్టింది. "నీ పుస్తకంల సున్న రాసుకున్నోనివి, గదే సున్న సర్కారుకు చెప్పనీకి ఏమైంది? ఖాళీ ఇడిస్తే ఎదుటోడు తనకు తోచింది రాసుకుంటడు."

ఆగిపోయిన లెక్కలన్నీ ఇచ్చి ఆలస్య రుసుము కడితే అంచనా పన్ను కొట్టేస్తారని, దానికి సర్కారు గడువు పెట్టిందని ఆమెకు తెలుసు. ఆ గడువుకు పన్నెండు రోజులే ఉన్నాయి. పన్నెండు రోజులూ నా దుకాణంలో కూర్చుంది. ఆఫీసు నాటి చెక్క స్కేలు నా లెక్కల పుస్తకంలో ఒక్కో వరుస కింద పెట్టుకుంటూ చదివేది. లాక్‌డౌన్ పేజీల్లో ఒకచోట స్కేలు ఆగింది. "రాక సున్న. అక్క నాలుగు జొన్నరొట్టెలు పంపింది" అని ఉంది అక్కడ. తర్వాతి పేజీలోనూ అదే.

కళ్ళద్దాలు తీసి నన్ను చూసింది. "గీ రొట్టెలకు గూడ పన్ను కట్టమంటవా ఏందిరా?" అని నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆ రొట్టెలు లేకుంటే మాకు ఎన్ని పూటలు పస్తు ఉండేదో నేనెన్నడూ నోటితో చెప్పలేదు. నా పుస్తకమే చెప్పింది.

పన్ను రద్దయిన కాయిదం వచ్చిన రోజు చేతిలో డబ్బు పెట్టబోతే, "జర చాయ్ తాపియ్యి, చాలు" అంది. ఆలంపూర్ తీసుకుపోయి అమ్మవారిని చూపిస్తానన్నాను. పెండ్లిళ్ళ సీజను అయిపోనీ అక్కా అన్నాను. రెండు సీజన్లు అయిపోయాయి. ఎప్పుడు పోదామని ఆమె ఒక్కసారీ అడగలేదు.

మూడో నాడు షామియానా విప్పాను. "మామా, కిరాయి ఎంతయింది?" అని కొడుకు అడిగితే కుర్చీలు ఆటోలో వేసుకుని వచ్చేశాను. దుకాణంలో పుస్తకం తెరిచి, "షామియానా ఒకటి, కుర్చీలు యాభై, అక్క ఇంటికి. అన్నీ తిరిగొచ్చినవి" అని రాశాను. ఇక కిరాయి గడిలో సున్న రాయాలి. ఖాళీ విడవొద్దని నేర్పింది ఆమే. పెన్ను ఆనించబోయి మూత పెట్టాను. "అక్క" అనే పేరు పక్కన సున్న ఎట్లా రాసేది?

ఆమె నా దగ్గరే మరిచిపోయిన చెక్క స్కేలును ఆ వరుస కింద పెట్టాను. రోజూ పుస్తకం తెరుస్తున్నాను. స్కేలు అక్కడే ఉంది. దాని పైనున్న కిరాయి గడి ఇంకా ఖాళీగానే ఉంది.