టర్బైన్ దగ్గరే ఉండిపోయిన పెట్టె

మూడేళ్ల ఒప్పందం మీద పరాయి దేశం వచ్చిన టర్బైన్ ఫిట్టరును, ఒప్పందం సగంలో ఉండగానే కంపెనీ ఇంటికి పొమ్మంది. రెండో యూనిట్ కట్టడం మానుకున్నారట. ఆ ముక్క చెప్పడానికి ఒక్కరూ కుర్చీలోంచి లేవలేదు. ఆయన గొడవ పెట్టుకోలేదు. సొంత ఊళ్లో శిక్షణ కేంద్రం వారు మాస్టారుగా తీసుకుంటామన్నారు. సోమవారం చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరిది. ఇక మిగిలింది పన్నుల కార్యాలయం ఇచ్చే క్లియరెన్సు. అది లేనిదే విమానం ఎక్కనివ్వరు.

చిక్కంతా అక్కడే వచ్చింది. శాశ్వతంగా వెళ్లిపోయేవాడైతే ఇక్కడి జీతం మీద పన్ను తేల్చి పంపేస్తారు. తిరిగి వచ్చేవాడైతే అతడు ఇంకా ఈ దేశపు నివాసి కిందే లెక్క; స్వదేశంలో వచ్చే ఇంటి అద్దెతో సహా సమస్తం విచారించాలి. దానికి నెలలు పడుతుంది.

"మీ సామాను ఇంకా ప్లాంటులోనే ఉందని కంపెనీ రాసింది," అంది ఆఫీసరమ్మ, కళ్లజోడు పైనుంచి చూస్తూ.

"సామాను కాదమ్మా, పనిముట్ల పెట్టె."

"మరెందుకు వదిలేశారు?"

"మిషను తిరుగుతోంది కదమ్మా."

ఆ పనివాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. తాను బిగించిన యంత్రం నడుస్తున్నంతకాలం ఫిట్టరు తన పెట్టెను దాని పక్కనుంచి కదపడు. కదిపితే దాని మంచిచెడ్డలతో తనకు సంబంధం లేదని చేతులు దులుపుకున్నట్టే.

తోడు వచ్చిన బావమరిది తల పట్టుకున్నాడు. అతనిది అదే కంపెనీలో జీతాల విభాగం.

"నిన్ను గెంటేసినా నీ స్పానర్లు మాత్రం ఇక్కడే కాపురం పెట్టాయన్నమాట. బాగుంది బావా!"

"నువ్వు కాసేపు నోరు మూసుకుంటావా?"

"మీ బావమరిది అన్నదాంట్లో తప్పేం లేదండీ," అని ఆఫీసరమ్మ నవ్వు ఆపుకుంది. "పనిముట్లు ఉంచారంటే తిరిగొస్తారనే కదా మేం అనుకునేది? అవి ఇక మీవి కావని రాయించుకురండి. ఇవాళే సంతకం పెడతాను."

వచ్చినప్పుడు ఎప్పుడు పోతావని అడిగి, పోతుంటే ఎప్పుడొస్తావని నిలదీసే ఈ చట్టాన్ని ఏ మహానుభావులు రాశారో గానీ, జీవితంలో ఒక్క బోల్టు కూడా బిగించి ఉండరు.

తిరుగుతున్న యంత్రం దగ్గరనుంచి పెట్టె తెచ్చుకోవడానికి ఆయనకు చేతులు రాలేదు. ఆ యంత్రాన్ని చూసుకునేవాడికి పెట్టె అప్పగించడం ఒక్కటే మార్గం. ఏళ్ల తరబడి అరచేతికి అలవాటైన రెంచీలతో సహా. నేరుగా ప్లాంటుకు వెళ్లి, తనతో రోజూ తగువులాడే స్థానిక ఫిట్టరు ముందు పెట్టె తెరిచాడు.

"నాకా?" అన్నాడతను. "నిన్నటిదాకా నేను వేసిన గ్యాస్కెట్టు కూడా నీకు నచ్చేది కాదుగా!"

"ఇప్పుడూ నచ్చదు. కానీ శబ్దం మారితే అందరికన్నా ముందు పరిగెత్తేది నువ్వే."

అతను పెట్టె తీసుకున్నానని, ఇక అది తనదేనని రాసి సంతకం చేశాడు. ఆయన మూడో బేరింగు మీద చెవి ఆనించాడు.

"చలికాలంలో ఇది కాస్త మూలుగుతుంది. కంగారుపడి విప్పేయకు."

సాయంత్రం కార్యాలయం మూసేలోగా ఆఫీసరమ్మ ముద్ర వేసింది. ఇక ఆయన ఆ దేశపు నివాసి కాడు.

మెట్లు దిగుతూ బావమరిది, "సోమవారం పిల్లలకు ఏం చూపిస్తావు బావా, ఉత్త చేతులా?" అన్నాడు.

"ముందు వినడం నేర్పుతాలేరా. దానికి స్పానరు అక్కర్లేదు."