పాపాయమ్మగారి వేట వంతు

మండవల్లి అవతల, కొల్లేటి అంచు ఊళ్ళో పాపాయమ్మగారు రాజుల ఇల్లాలు. ఘోషా. ఆవిడ ముఖం ఊళ్ళో మగవాళ్ళెవరూ చూసి ఎరగరు. అయితేనేం, భర్త కనకరాజు జంట గొట్టాల తుపాకీలో పేలిన ప్రతి తూటా ఆవిడ చేత్తో కట్టిందే. పిట్టలకైతే సీసపు రవ్వలు పోసేది, పందికైతే పెరటి పొయ్యి మీద సీసం కరిగించి ఒంటి గుండు చేసేది. గోడచాటున తాటిమొద్దుకు గురిపెట్టి కాల్చడం కూడా ఆయనే నేర్పాడు.

“గొట్టం లోపలంతా నునుపు పాపాయీ. దూరం నుంచి కొడితే గుండు దాని ఇష్టం. దగ్గరకి రానివ్వాలి,” అనేవాడు.

పంతొమ్మిదివందల యాభై మూడులో ఆయన పోయాడు. ఆవిడ ఏడవవలసినంతా ఏడ్చింది, తుపాకీ మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. జిల్లా కచేరీకి వెళ్ళి లైసెన్సు తన పేర రాయించుకుంది. ఆ ఏడే కిక్కిస గడ్డి పొదల్లోంచి అడవిపంది వచ్చి ఆవిడ వరిచేను కుళ్ళబొడవసాగింది. మరిది వెంకట్రాజు అరుగు దిగలేదు సరిగదా, “ఆడకూతురు కాపలా కాయగలదా అండీ? పొలం నాకు వదిలెయ్యమనండి,” అని కబురంపాడు. చేను పందికి, పొలం మరిదికి! చూడముచ్చటైన పంపకం.

మర్నాడు తెల్లవారగానే గూడుబండి తెర ఎత్తి, తుపాకీతో పొలం గట్టు మీద దిగింది. పాలేరు సింహాచలం నోరెళ్ళబెట్టాడు. పంది పొదలోంచి బయటపడి, మనిషిని చూసి తిరగబడింది.

“కొట్టండమ్మా!” అని సింహాచలం కేక.

ఆవిడ కొట్టలేదు. కోరలకంటిన బురద కనిపించేదాకా ఆగి, అప్పుడు మీట నొక్కింది. ఒక్కటే గుండు. పంది గట్టుకి అడ్డంగా పడింది.

చావిడి ముందు మాంసం పోగులు వేశారు. తల వేటను కొట్టినవాళ్ళది, అది ఆ ఊరి కట్టుబాటు. పెద్దరికం నెత్తినేసుకుని పోగులు పంచుతున్న వెంకట్రాజు తలని తన ఇంటికి పంపబోయాడు. అంతలో పాపాయమ్మగారు నడిచొచ్చింది, ముసుగు లేకుండా. జనం పక్కకి తప్పుకున్నారు.

“తల నాదండి, మరిదిగారూ.”

“అదేంటండీ వదినగారూ, మీరు ముట్టరు గదా?”

నిజమే. భర్త పోయాక ఆవిడ మాంసం మానేసింది.

“తినడానికి కాదండి. కొట్టాను గనక అడుగుతున్నాను. ఇవాళ ఇది మీ ఇంటికొస్తే, రేపు పందిని మీరే కొట్టారంటారు. ఎల్లుండి పొలమూ మీరే కాశారంటారు.”

వెంకట్రాజు తలని పోగుల పక్కకి జరిపాడు. తల ఆవిడ అరుగు మీదికి వచ్చింది. వచ్చేపోయేవాళ్ళంతా చూసేలా పొద్దుగూకేదాకా అక్కడే ఉంచి, అప్పుడు సింహాచలం పెళ్ళాం పైడమ్మని పిలిచింది.

“తీసుకుపోయి వండుకో పైడమ్మా. ఎవరు కొట్టారని అడిగితే, నా పేరు చెప్పి మరీ తినండి.”