కరెంటు పోతే తెరుచుకునే తలుపు

మా వదిన ఉద్యోగమంతా ఒకే గుమ్మంలో గడిచింది. ఇంట్లో దెబ్బలు తిని బయటపడిన ఆడవాళ్ళు తలదాచుకునే ప్రభుత్వ వసతిగృహానికి ఆమె మేట్రన్. వచ్చినవాళ్ళని మొదటిరోజు ఏమీ అడిగేది కాదు. ముందు వేడి టీ, తరవాత మంచం, మాటలు ఎప్పుడో వాళ్ళకి బుద్ధి పుట్టినప్పుడు. వాళ్ళ వెనకాలే మొగుళ్ళూ బావలూ మామలూ వచ్చి గేటు దగ్గర తిష్ట వేసేవారు. కొందరు ఏడ్చేవారు, కొందరు బెదిరించేవారు. అందరికీ ఆమె ఇచ్చే జవాబు ఒకటే, మూసిన తలుపు.

ఆ తలుపు ద్వారబంధానికి చెదపట్టి గడియ ఊడిపోయేలా ఉంటే, గట్టి గడియ ఒకటి ఇప్పించమని ఆఫీసుకు రాసింది. కొన్నాళ్ళు చూసి, తనే వెళ్ళి గుమాస్తా ముందు కూర్చుంది.

"గడియ అనేది మన జాబితాలో లేదమ్మా. ద్వార భద్రత అని ఒకటుంది, అదే వస్తుంది" అన్నాడాయన.

"గడియ లేని భద్రతేమిటి బాబూ?"

"కార్డు చూపిస్తే తెరుచుకుంటుందట. మీరూ దర్జాగా మెళ్ళో కార్డు వేసుకుని తిరగొచ్చు."

"నా మెళ్ళో ఉన్నవి చాల్లే."

ఆ జాబితా సంగతి చెప్పాలి. పైన ఎక్కడో పెద్దలు కంపెనీలతో కూర్చుని ఫలానా సరుకు ఫలానా ధరకు అని ముందే ఒప్పందం చేసుకుంటారు. రేటు కాంట్రాక్టు అంటారు దాన్ని. కింద ఉన్న ఆఫీసులన్నీ అందులోంచే తెచ్చుకోవాలి, బయట కొంటే తప్పు. ఇది ఎందుకు పుట్టిందో నాకు తెలియక కాదు. ఒకప్పుడు ఏ అధికారికి ఆ అధికారి బావమరిది కొట్లో బీరువాలు కొన్న రోజులు నేను చూశాను. దొంగతనం ఆపడానికి చేసిన ఏర్పాటే. కానీ ద్వార భద్రత కింద పెట్టే కెమెరాలో బొమ్మ ఎంత స్పష్టంగా ఉండాలో పేజీలకు పేజీలు రాసుకున్న ఆ పెద్దల్లో ఒక్కరికైనా, ఈ తలుపు వెనక ఎవరు నిలబడతారు అని అడగాలనిపించలేదే. నా కోపం అక్కడ.

తలుపు వచ్చింది. పాతదాన్ని ద్వారబంధంతో సహా పెకలించి, నున్నటి ఇనుప తలుపు నిలబెట్టి, పైన అయస్కాంతపు తాళం బిగించి వెళ్ళారు. రెండోరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. తలుపు దానంతటదే జారి బెత్తెడు తెరుచుకుంది.

"ఎవరూ తట్టకుండానే తీసింది. ఎంత మర్యాదో చూడండి" అంది వంటామె.

తాళం బిగించిన మెకానిక్‌ని పిలిపిస్తే అతను ఉన్నమాట చెప్పాడు. "చెడిపోలేదక్కా, దాని పనే అది. మంటలొస్తే లోపలివాళ్ళు చిక్కుకోకూడదని కరెంటు పోగానే వదిలేస్తుంది. ఆఫీసులకు చేసింది. మీకైతే బ్యాటరీ ఉన్న రకం కావాలి. అది ఈ ఒప్పందంలో లేదు."

"పోనీ లోపలివైపు ఒక గడియ బిగించి వెళ్ళు. లోపలున్నవాళ్ళు ఎప్పుడైనా తీసుకోవచ్చుగా."

"తలుపుకి ఇంకో చిల్లు పడితే కంపెనీ పూచీ పోతుందక్కా. నా ఉద్యోగం కూడా."

వదిన మళ్ళీ ఆఫీసుకు వెళ్ళింది. "ధరా సరుకూ పైనే మాట్లాడేశారు, మన చేతుల్లో ఏముందమ్మా? గడువు తీరాక చూద్దాం" అన్నాడు అధికారి.

"అప్పటిదాకా ఏం చెయ్యను?"

"కరెంటు పోకుండా చూసుకోండి."

పరిహాసానికి కాదు, నిజంగానే అన్నాడట.

ఎండలు ముదిరాయి. రోజూ మధ్యాహ్నం కరెంటు పోతోంది. అప్పుడు వసతిగృహంలో కుట్టుపని చేసుకునే అమ్మాయి ఒకతె ఉండేది, విరిగిన చేతికి కట్టుతో. ఆమె మొగుడు ఎదురుగా టీకొట్టు దగ్గర కూర్చునేవాడు. దీపం ఆరగానే తలుపు సందు ఇవ్వడం కనిపెట్టాడు. ఒకరోజు కరెంటు పోగానే గోడ దూకి వచ్చి తలుపు నెట్టాడు. వదిన వీపు ఆనించి నిలబడింది. వంటామె వచ్చింది, మిగతావాళ్ళూ వచ్చారు.

"పిన్నిగారూ, మా ఆవిడతో ఒక్క మాట మాట్లాడి పోతాను" అంటున్నాడు బయట, తేనె పూసిన గొంతుతో. అంటూనే నెడుతున్నాడు.

"అమ్మా, నేను వెళ్ళిపోతా. నా మూలాన మీ అందరికీ ఎందుకు?" అంది ఆ పిల్ల.

"నోరు మూసుకుని తలుపు పట్టుకో" అంది వదిన.

పోలీసులకు ఫోను చేస్తే, జీపు రాకముందే కరెంటు వచ్చింది. తాళం టక్కున పట్టుకుంది. అతను మెల్లగా తలుపు మీద తట్టి, "రేపూ పోతుందిగా" అనేసి వెళ్ళాడు.

మా అన్నయ్య వడ్రంగి. ఆ సాయంత్రం వదిన చెప్పులైనా విప్పకుండా, "ఏమండీ, పొద్దున్నే నాకో గడియ కావాలి" అంది.

"టెండరు పిలిచావా?"

"మీ మొహం చూసి పిలిచాను."

తెల్లారేసరికి అన్నయ్య వెళ్ళి ఆ ఇనుప తలుపుకి చిల్లులు తొలిచి, చెయ్యంత గడియ బిగించాడు. మధ్యాహ్నం కరెంటు పోయింది. ఆ పిల్ల మొగుడు వచ్చాడు, నెట్టాడు, భుజంతో గుద్దాడు, తన్నాడు. తలుపు కదల్లేదు. ఈసారి జీపు వచ్చేదాకా తంతూనే ఉన్నాడు, దొరికిపోయాడు.

తనిఖీకి వచ్చిన అధికారి కంట ముందుగా పడింది ఆ గడియే. ప్రభుత్వ ఆస్తికి చిల్లు, ఒప్పందానికి తూట్లు, పైగా చేసినవాడు స్వయానా మేట్రన్ మొగుడు.

"అందరూ ఇలాగే ఇంటివాళ్ళని తెచ్చి పనులు చేయిస్తే ఎక్కడికి పోతామమ్మా? తీసేయించండి."

"తీసేయమని కాగితం మీద రాసివ్వండి. కిందనే, ఈ పిల్ల ప్రాణానికి నాది పూచీ అని ఒక్క ముక్క చేర్చండి. ఇప్పుడే తీయిస్తాను."

ఆ కాగితం ఎన్నడూ రాలేదు. వదిన జీతంలో పెరుగుదల ఆపేస్తూ, ఆమెను హాస్టళ్ళ పరుపులు దాచే గోడౌనుకు బదిలీ చేస్తూ మాత్రం కాగితాలు చకచకా వచ్చాయి. ఇన్నేళ్ళ మేట్రన్‌ని తీసుకెళ్ళి పరుపుల మధ్య కూర్చోబెట్టారు. తప్పుడు తాళం అమ్మినవాళ్ళని గానీ, చూడకుండా ఒప్పుకున్నవాళ్ళని గానీ పల్లెత్తు మాట అన్నవాడు లేడు. ఈ వయసులో ఇంక దేనికీ కోపం రాదనుకున్నాను. ఇది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

వదిన వెళ్ళే రోజున ఆమె పెట్టె మోయడానికి నేను వెళ్ళాను. ఆ అమ్మాయి కట్టు విప్పేశారు, కిటికీ దగ్గర మిషను కుడుతోంది. కొత్త మేట్రన్, చిన్నావిడ, బెదురుబెదురుగా గడియ వైపు చూసింది.

"ఇది రూలు ప్రకారం ఉందా అక్కా?"

"లేదు. కొంచెం బిగుతు. పైకెత్తి పక్కకి లాగాలి. ఏదీ, ఒకసారి వెయ్యి" అంది వదిన.

మేం బయట మెట్ల మీద నిలబడి, అది పడిన చప్పుడు విన్నాక కదిలాం.